వైజాగ్‌లో శాటిలైట్ ఇమేజ్ కొనే ముందు: గజాల లెక్క, మబ్బుల లెక్క

మన దగ్గర స్థలం గురించి ఎవరూ చదరపు మీటర్లలో మాట్లాడరు. మధురవాడలో ప్లాటు రెండొందల గజాలు, ఆనందపురం అవతల జీడిమామిడి తోట ఎకరం ముప్పై సెంట్లు, అంతే. శాటిలైట్ ఇమేజ్‌లు అమ్మేవాళ్లు మాత్రం 10 మీటర్లు, 3 మీటర్లు, 30 సెంటీమీటర్లు అంటారు. వినేవాళ్లు తలూపేసి, అంకె చిన్నదైతే మంచిదట అని అర్థం చేసుకుని, అన్నిటికన్నా ఖరీదైనది అడుగుతారు. నేను ఇక్కడ చిన్నగా మ్యాపింగ్ పనులు చేసుకుంటాను. రొయ్యల చెరువులు, లేఅవుట్లు, తోటలు, అప్పుడప్పుడు కాలేజీ పిల్లల ప్రాజెక్టులు. వచ్చినవాళ్లందరికీ మొదట చెప్పేది ఒకటే: ఏ కంపెనీ అన్నది తర్వాత, ముందు పిక్సెల్‌ని (బొమ్మలో ఒక్క చుక్కని) గజాల్లోకి మార్చుకోండి.

లెక్క ఇలా ఉంటుంది. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్‌ది 30 మీటర్ల పిక్సెల్ (నేల మీద ఇటు 30, అటు 30), అంటే ఒక్క చుక్కలో వెయ్యి గజాలకు పైగా, సుమారు 22 సెంట్లు. యూరప్ వాళ్ల సెంటినెల్-2ది 10 మీటర్లు, ఒక్క చుక్క 120 గజాలు. మన రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 కెమెరా 5.8 మీటర్లు, 40 గజాలు. ప్లానెట్ కంపెనీ డవ్ శాటిలైట్లు సుమారు 3 మీటర్లు, అంటే 11 గజాల లోపు. 50 సెంటీమీటర్ల ఇమేజ్ అయితే ఒక గజంలో మూడు చుక్కలు పడతాయి, 30 సెంటీమీటర్లదైతే తొమ్మిది. ఇప్పుడు మీ రెండొందల గజాల ప్లాటుని వీటిలో పెట్టి చూడండి. సెంటినెల్‌లో రెండు చుక్కలు కూడా పూర్తిగా రావు, డవ్‌లో 18 వస్తాయి, 30 సెంటీమీటర్లలో 18 వందలు దాటుతాయి. అదే ఒక ఎకరం చెరువుకి సెంటినెల్‌లో 40 చుక్కలు వస్తాయి, కానీ గట్ల మీద పడినవి సగం నీళ్లు, సగం మట్టి కాబట్టి అవి తీసేస్తే నికరంగా పాతిక మిగులుతాయి. చెరువులో నీళ్లున్నాయా లేవా అని చెప్పడానికి పాతిక చాలు. గట్టు ఎక్కడ తెగిందో చెప్పమంటే చాలవు.

ఇక శాటిలైట్ల దళాల సంగతి. వీటిలో రెండు జాతులున్నాయి, ఆ తేడా తెలియకే చాలామంది తప్పు సరుకు కొంటారు.

మొదటి జాతి చూపు తిప్పదు, కిందున్న నేలంతా వరసగా తీసుకుంటూ పోతుంది. ప్లానెట్ వాళ్ల డవ్‌లు అదే. 2010లో మొదలైన కంపెనీ ఇది, పెట్టినవాళ్లు అంతకుముందు నాసాలో పనిచేసినవాళ్లు. ఒక్కో డవ్ ఒళ్లో పెట్టుకునే పెట్టెంత ఉంటుంది, 10 సెంటీమీటర్లు ఇటు, 10 అటు, 30 పొడవు. ఒక్కటి ఏమీ సాధించలేదు గానీ వందకు పైగా ఒకే వరసలో తిరుగుతుంటే ప్రపంచంలోని నేలంతా దాదాపు ప్రతిరోజూ ఫొటోలో పడుతుంది. 2017 ఫిబ్రవరి 15న ఇస్రో ఒకే రాకెట్‌లో 104 శాటిలైట్లు ఎగరేసింది గుర్తుందా? అందులో 88 ఈ డవ్‌లే. సూళ్లూరుపేట పక్కనున్న శ్రీహరికోట నుంచి వెళ్లినవే ఇప్పుడు మనకి డాలర్లలో బిల్లు వేస్తున్నాయని మా ఫ్రెండ్ ఒకడు ఉడుక్కుంటాడు. (అప్పట్లో వెళ్లినవి ఆయుష్షు తీరి పైనే కాలిపోయి ఉంటాయి, వాటి స్థానంలో ఎనిమిది రంగుల్లో చూసే సూపర్‌డవ్‌లు వచ్చాయి. కానీ వాడి బాధ వాడిది.)

రెండో జాతి ఆర్డర్ ఇచ్చిన చోటికి మెడ తిప్పి చూసేది. మాక్సార్ వాళ్ల వరల్డ్‌వ్యూ-3 (ఈ కంపెనీ ఈమధ్య వాంటార్ అని పేరు మార్చుకుంది), 2024 నుంచి పైకి వెళ్లిన వరల్డ్‌వ్యూ లీజియన్‌లు, ఎయిర్‌బస్ వాళ్ల ప్లేయాడ్ నియో, ఇవన్నీ 30 సెంటీమీటర్ల తరగతి. ప్లేయాడ్ నియోలు నాలుగు ఉండాల్సింది, 2022 డిసెంబర్‌లో రాకెట్ ఫెయిలై రెండు పోయాయి. ప్లానెట్‌కే ఇంకో దళం ఉంది, స్కైశాట్‌లని, అవి 50 సెంటీమీటర్లు. బ్లాక్‌స్కై వాళ్లు ఒకే చోటుని రోజులో నాలుగైదు వేళల్లో చూడగలమని అమ్ముతారు. పోర్టులూ, యుద్ధాలూ గమనించేవాళ్లకి పనికొచ్చే సరుకు అది, తోట ఉన్నవాడికి కాదు.

ఈ రెండు జాతుల మధ్య అసలు తేడా స్పష్టత కాదు, గతం. డవ్ రోజూ తీస్తూనే ఉంది కాబట్టి పోయిన ఏడాది మార్చిలో మీ పొలం ఎలా ఉందో మీరు అడగకముందే దాని దగ్గర ఉంది. మెడ తిప్పే శాటిలైట్ దగ్గర మాత్రం ఎవరో డబ్బిచ్చి తీయించుకున్న రోజు బొమ్మే ఉంటుంది. వైజాగ్ పోర్టు, స్టీల్ ప్లాంట్, గంగవరం వైపు అలాంటి పాత బొమ్మలు బాగానే దొరుకుతాయి. పాడేరు, చింతపల్లి పక్కకి వెళ్లి వెతకండి, ఏళ్ల తరబడి ఖాళీలు కనిపిస్తాయి. కాబట్టి పాత సంగతి తేల్చుకోవాల్సిన పనికి 30 సెంటీమీటర్లు అడగొద్దు, ఆ తేదీన అది లేకపోతే మీరు ఎంత డబ్బిచ్చినా పుట్టదు.

పాత సంగతి అంటే ఇక్కడ అందరూ అడిగేది హుద్‌హుద్ గురించే. 2014 అక్టోబర్ 12కి ముందు కైలాసగిరి, కంబాలకొండ ఎంత పచ్చగా ఉండేవో, తుఫాను తర్వాత ఎంత పోయిందో చూపించాలని ఏటా ఎవరో ఒక స్టూడెంట్ వస్తాడు, సెంటినెల్-2 డౌన్‌లోడ్ చేసుకుంటానంటాడు. నాయనా, మొదటి సెంటినెల్-2 పైకి వెళ్లిందే 2015 జూన్‌లో. హుద్‌హుద్‌కి ముందూ వెనకా ఒకే కొలతలో పోల్చాలంటే ల్యాండ్‌శాట్-8 (2013 నుంచి ఉంది), లేకపోతే మన రిసోర్స్‌శాట్-2. చుక్క పెద్దదే, కానీ కొండంత ప్రాంతానికి అది సమస్యే కాదు. ల్యాండ్‌శాట్ దొంతర 1972 దాకా వెనక్కి వెళ్తుంది, 2008 నుంచి ఉచితం. మీ నాన్నగారు చిన్నప్పుడు చూసిన ముడసర్లోవ ఎలా ఉండేదో కూడా మసక మసకగా దొరుకుతుంది.

ఇప్పుడు మబ్బుల లెక్కకి వద్దాం. అమ్మకం మాటల్లో దీన్ని చివర్లో చిన్న అక్షరాల్లో పెడతారు, మన ఊరికి మాత్రం ఇదే మొదటి పేజీలో ఉండాలి.

రోజూ ఫొటో అంటే రోజూ నేల కనబడుతుందని కాదు. రోజూ ఫొటో తీస్తారు, అందులో నేల ఉంటుందా మబ్బు ఉంటుందా అన్నది ఆకాశం ఇష్టం. మనకి జూన్ నుంచి నైరుతి, అది పోయేలోపు అక్టోబర్, నవంబర్ తుఫాన్లు. మబ్బులకి తూర్పు కనుమలే అడ్డుగోడ. మైదానంలో ఎండ కాస్తున్న రోజున కూడా అనంతగిరి మీద తెల్లటి దుప్పటి కప్పి ఉంటుంది. డిసెంబర్ చివరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం ఉచిత సెంటినెల్‌లోనే శుభ్రమైన బొమ్మలు వరసగా దొరుకుతాయి, చలికాలం పొద్దుటి మంచు, పొగ కలిసి ఊరి మీద కొంచెం మసక తెస్తాయి అంతే.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. భీమిలి దాటాక ఒక ఆసామికి ఆగస్టులో చెరువుల బొమ్మ కావాలన్నారు, బ్యాంకు పనికట. ఒక రీసెల్లర్ ద్వారా కొత్తగా తీయించే ఆర్డర్ పెట్టాను, 50 సెంటీమీటర్లది. షరతుల్లో మబ్బు 15 శాతం లోపు అని రాసుంది, చదివి సంతోషపడి సంతకం చేశాను. మూడు వారాల తర్వాత ఫైల్ వచ్చింది. మొత్తం ఆర్డర్ ప్రాంతంలో మబ్బు నిజంగానే 15 శాతం లోపే ఉంది, ఆ 15 శాతమూ ఒకేచోట కూర్చుంది, సరిగ్గా ఆయన చెరువుల మీద. మిగతా 85 శాతం సముద్రమూ, సరుగుడు తోటలూ, అద్దంలా ఉన్నాయి. ఆసామి స్క్రీన్ చూసి "ఏటి బాబూ, మొత్తం దూదే కదా" అన్నారు. రీసెల్లర్‌ని అడిగితే కాంట్రాక్టు ప్రకారం సరుకు ఇచ్చేశామన్నారు, నిజమే, వాళ్ల తప్పు పట్టడానికి కాగితంలో ఏమీ లేదు. అందుకని ఇప్పుడు ఎవరికైనా చెప్పేది: మబ్బు శాతం మొత్తం బొమ్మకా, మీరిచ్చిన హద్దుకా, అందులోనూ మీకు ముఖ్యమైన ముక్కకా అన్నది రాతలో ఉండాలి. హద్దు గీసి పంపేటప్పుడు సముద్రాన్ని అందులో కలపొద్దు. ఉత్త నీళ్లకి డబ్బు కట్టడమే కాదు, మబ్బు శాతాన్ని తగ్గించి చూపించడానికి కూడా ఆ నీళ్లే వాడుకుంటారు.

మబ్బులోంచి చూడాలంటే రాడార్ ఒక్కటే దారి. ఇవి వెలుతురు కోసం చూడవు, తామే తరంగం పంపి తిరిగొచ్చింది కొలుస్తాయి, రాత్రైనా వానైనా ఒకటే. ఉచితంగా సెంటినెల్-1 ఉంది, మన ఇస్రో ఈవోఎస్-04 ఉంది, 2025 జూలై 30న నాసా, ఇస్రో కలిసి పంపిన నైసార్ ఉంది. డబ్బు పెట్టి కొనేవాటిలో ఫిన్లాండ్ ఐస్ఐ, అమెరికా కాపెల్లా, అంబ్రా. ఐస్ఐ మొదటి శాటిలైట్ కూడా 2018 జనవరిలో శ్రీహరికోట నుంచే వెళ్లింది. వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో రాడార్‌లో చూసినంత తేలిగ్గా ఇంకెక్కడా చూడలేం, నిలకడ నీరు నల్లగా పడుతుంది. సముద్రంలో ఓడలు నక్షత్రాల్లా మెరుస్తాయి.

అలాగని రాడార్‌ని ఫొటో అనుకుని కొనొద్దు. నలుపు తెలుపుల్లో ఉప్పూ మిరియం చల్లినట్టు ఉంటుంది, చూపిస్తే క్లయింట్లు "ఇదేంటి, టీవీ సిగ్నల్ పోయిందా" అంటారు. పంట రంగు చెప్పదు. పక్కవాటుగా చూస్తుంది కాబట్టి కొండల దగ్గర ఒక వాలు ముందుకి వంగిపోయి, ఇంకో వాలు నీడలో మునిగిపోతుంది, సింహాచలం కొండ చుట్టూ గెడ్డల్లో (వాగుల్లో) ఏముందో రాడార్‌తో వెతకడం తలనొప్పి. రొయ్యల చెరువుల్లో ఇంకో తిరకాసు ఉంది: ఏరేటర్లు తిరుగుతుంటే నీళ్లు గరుకెక్కి తెల్లగా పడతాయి, ఎండిన చెరువనుకునే ప్రమాదం ఉంది. అయినా వానాకాలంలో చెరువుల లెక్క అడిగితే ఇప్పుడు నేను సెంటినెల్-1తోనే మొదలుపెడతాను. ఉదయం ఆరుకో సాయంత్రం ఆరుకో వెళ్తుంది, ఒక్కో శాటిలైట్ పన్నెండు రోజులకోసారి అదే దారిలో మళ్లీ వస్తుంది. అది చాలకపోతేనే కొనే మాట.

ఉచిత సరుకుని తక్కువ చేసి మాట్లాడేవాళ్లని నమ్మొద్దని ఎందుకంటానంటే, పంట ఆరోగ్యం చూడటానికి నా వరకు సెంటినెల్-2, డవ్ కన్నా మేలు. డవ్ చుక్క చిన్నదే, రోజూ వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ వంద చిన్న కెమెరాలు, ఒక్కోదాని కొలత ఇంకోదానితో కొంచెం తేడా, కంపెనీ సరిచేసి ఇస్తున్నా వారం వారం ఆకుపచ్చదనం సూచీ గీస్తే ఉత్తపుణ్యానికి ఎగుడుదిగుళ్లు కనిపిస్తాయి. సెంటినెల్-2 పెద్ద యంత్రం, 13 రంగుల్లో చూస్తుంది, ఆకులో తేమ తెలిపే షార్ట్‌వేవ్ పరారుణ (కంటికి కనబడని వెలుతురు) పట్టీలు ఉన్నాయి, అవి డవ్‌లో లేనే లేవు. రెండు శాటిలైట్లు కలిసి ఐదు రోజులకోసారి ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్తాయి. ఎకరం దాటిన తోటకి ఇదే వాడండి. పావు ఎకరం మడికి మాత్రం డవ్ తప్పదు. ఇస్రో వాటిలో 5 మీటర్లు, అంతకు పైబడినవి 2023 అంతరిక్ష విధానం ప్రకారం అందరికీ ఉచితం, హైదరాబాద్ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భూనిధి సైట్‌లో ఖాతా తెరిచి తీసుకోవచ్చు. సైట్ కొంచెం ఓపిక అడుగుతుంది. కార్టోశాట్-3 లాంటి సన్న చూపువి మాత్రం డబ్బు కట్టి తీసుకోవాల్సిందే.

గూగుల్ ఎర్త్‌లో అంతా ఫ్రీగా కనబడుతోంది కదా, ఎందుకు కొనాలి అని కూడా అడుగుతారు. చూసుకోవడానికి దాన్ని మించింది లేదు, నేనూ ప్రతి పనీ అక్కడే మొదలుపెడతాను. కానీ అది వేర్వేరు తేదీల ముక్కలతో కుట్టిన బొంత. అందులో కంటికి కనిపించే రంగులే ఉంటాయి, పచ్చదనం సూచీ తీయడానికి కావాల్సిన పరారుణం ఉండదు. బ్యాంకుకో కోర్టుకో స్క్రీన్‌షాట్ పెడితే తేదీ ఎవరు ధ్రువీకరిస్తారు?

పనిబట్టి చెప్పమంటే ఇలా చెప్తాను. లేఅవుట్‌లో రోడ్లు పడ్డాయా, పక్కవాడు గెడ్డ పూడ్చాడా అన్నది ఎన్నారైలు ఎక్కువ అడుగుతారు. దీనికి నెల నెలా సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు. జనవరి నుంచి మార్చి మధ్య తీసిన పాత స్టాకులోని 50 సెంటీమీటర్ల బొమ్మ ఒకటి, ఏడాది తర్వాత ఇంకొకటి, మధ్యలో అనుమానం వస్తే సెంటినెల్‌లో మట్టి రంగు మారిందా అని చూసుకోవడం. భోగాపురం వైపు ఎయిర్‌పోర్టు పనుల చుట్టూ నేల మారిన తీరు ఉచిత సెంటినెల్‌లోనే ఎంచక్కా కనబడుతుంది, దానికెవరూ డబ్బు తగలేయనక్కర్లేదు. సరిహద్దు తగాదా అయితే మాత్రం ఏ శాటిలైట్టూ వద్దు. 30 సెంటీమీటర్ల బొమ్మలో వస్తువు స్పష్టంగా కనబడుతుందే గానీ, బొమ్మ మొత్తం నేల మీద నుంచి రెండు మూడు మీటర్లు పక్కకి జరిగి కూర్చోవచ్చు. సర్వేయర్‌ని పిలవండి.

బీచ్ కోత గురించి అడిగేవాళ్లకి సెంటినెల్ చాలదు. ఆర్కే బీచ్‌లో ఏడాదికి పోయే ఇసుక వెడల్పు ఒక చుక్కలోనే మాయమైపోవచ్చు. డవ్ బాగా పనికొస్తుంది, కానీ ప్రతి బొమ్మకీ ఆ గంటలో ఆటుపోటు ఎంతో చూసుకోకుండా గీత గీస్తే, పోటు వేళ ఇసుక పోయినట్టూ, ఆటు వేళ తిరిగొచ్చినట్టూ లెక్క వస్తుంది.

ఏజెన్సీ కాఫీ సంగతి వేరే. పాడేరు, అరకు కాఫీ సిల్వర్ ఓక్ నీడలో పెరుగుతుంది, పైనుంచి చూసే ఏ కెమెరాకైనా కనబడేది నీడ చెట్టే, కాఫీ మొక్క కాదు. రోజూ బొమ్మలు, 30 సెంటీమీటర్లు, కృత్రిమ మేధ అని ఎవరైనా అమ్మజూపితే, మీ శాటిలైట్ సిల్వర్ ఓక్ కిందకి ఎలా దూరుతుందని అడగండి. నైసార్‌లోని ఎల్-బ్యాండ్ తరంగం ఆకుల్లోంచి కొంత కిందకి వెళ్తుంది, అడవి బరువు అంచనాకి బాగుంటుంది. అది కూడా కాఫీ గింజల లెక్క చెప్పదు.

వందకు పైగా రంగుల్లో చూసే శాటిలైట్లు కూడా వచ్చాయి. బెంగళూరులో పిక్సెల్ (Pixxel) అనే పేరున్న కంపెనీవి, మొదటి మూడు 2025 జనవరిలో వెళ్లాయి, చుక్క 5 మీటర్లు. నీటి నాణ్యత, గనులు చూసేవాళ్లకి మంచిదే. అదే కంపెనీ, మన హైదరాబాద్ ధ్రువ స్పేస్, ఇంకో ఇద్దరు కలిసి దేశీయంగా 12 శాటిలైట్ల దళం కట్టబోతున్నారు, ప్రైవేటు అంతరిక్ష కంపెనీల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఇన్-స్పేస్ 2025లో వాళ్లని ఎంపిక చేసింది. అది తిరగడం మొదలయ్యాక మళ్లీ లెక్క వేసుకోవచ్చు, దానికోసం ఇప్పటి పని ఆపుకోకండి.

ముప్పై, నలభై ఎకరాల లోపు పనైతే అసలు డ్రోన్ గురించి ఆలోచించారా? మబ్బు కిందే ఎగురుతుంది, సెంటీమీటర్లలో చూపిస్తుంది, స్థానికంగా చేసేవాళ్లు దొరుకుతారు. వైజాగ్‌లో చిక్కల్లా ఊళ్లోనే నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉండటం. గాజువాక నుంచి బీచ్ రోడ్ దాకా ఎక్కడ ఎగరేయాలన్నా ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసి, అనుమతి తీసుకోవాలి. ఆనందపురం దాటాక కొంచెం తేలిక. శాటిలైట్ బొమ్మలతోనైనా డాల్ఫిన్స్ నోస్ వైపు, నేవీ జాగాల మీద పేర్లు రాసి, గుర్తులు పెట్టి ఎక్కడా పంచకండి, దానికి నిబంధనలు ఉన్నాయి.

కొనడానికే నిశ్చయించుకుంటే కొన్ని మాటలు. మెడ తిప్పే జాతిలో కనీస ఆర్డర్ అని ఒకటి ఉంటుంది. మామూలుగా నడిచే లెక్క పాత స్టాకుకి 25 చదరపు కిలోమీటర్లు, కొత్తగా తీయిస్తే 100. 25 చదరపు కిలోమీటర్లంటే ఆరు వేల ఎకరాలు దాటుతుంది, మీ తోట పన్నెండు ఎకరాలు. అందుకే పక్క ఊరి ఆసాములు ముగ్గురు నలుగురు కలిసి ఒకే ఆర్డర్ పెట్టుకోవడం మంచిది, కానీ లైసెన్స్ ఒక్కరి పేరుతో ఉంటే పంచుకోవడం కుదరదు, ముందే అందరి పేర్లూ చెప్పి అడగాలి. చిన్న ముక్కలు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు కూడా వచ్చాయి, వాటిలో బొమ్మ ఒక్కటే ఇస్తారా, పరారుణ పట్టీతో అసలు ఫైల్ ఇస్తారా అన్నది చూసుకోండి. కెమెరా ఎంత వాలుగా చూసిందో కూడా అడగండి. 25 డిగ్రీలు దాటితే సీతమ్మధార అపార్ట్‌మెంట్లు పక్కింటి మీద పడుకున్నట్టు వస్తాయి, కొండ దగ్గరైతే ఎత్తుపల్లాల డేటాతో సరిచేశాకే కొలతలు తీయాలి. డబ్బు కట్టే ముందు ప్రివ్యూ బొమ్మ పంపమనండి, పాత స్టాకుకి తప్పకుండా ఇస్తారు, అందులో మీ చెరువు మీద దూది ఉందో లేదో మీ కళ్లతోనే తెలిసిపోతుంది.

ఫైల్ వచ్చాక క్యూజీఐఎస్ (ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్)లో తెరిచేటప్పుడు మన జిల్లాకి యూటీఎం (మ్యాపుల కొలతకి భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టే పద్ధతి) జోన్ 44 ఉత్తరం పెట్టుకోవాలి. శ్రీకాకుళం ఊరు దాకా అదే నడుస్తుంది. పలాస, ఇచ్ఛాపురం జీడితోటలు మాత్రం 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి జోన్ 45లో పడతాయి. తెలియక 44లోనే కొలిచేసి, ఆ అంకెల్ని అవతలి వాళ్లు 45లో ఇచ్చిన హద్దు మీద పెట్టి, తోట సముద్రంలోకి ఎలా వెళ్లిందా అని ఒక పూటంతా తల పట్టుకున్నాను.